వడ్డీ లేని తవుడు

జూన్ పంతొమ్మిది, గురువారం. సాయంత్రం ఏలూరులో మా ఇంటి వరండాలో ఉన్నవారు: నేను, మా ఆవిడ, పెదపాడు అవతల ఒక చేపల చెరువుకి కాపలా ఉంటున్న భార్యాభర్తలు, వాళ్ళకి మేత అప్పుగా ఇవ్వడానికి ఒప్పుకున్న వ్యాపారి. చెరువు యజమాని ఫోనులో మాత్రమే ఉన్నాడు, అదీ చివర్లో.

ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకుని తర్వాత సంగతిలోకి వెళ్ళడం నాకు సహకార సంఘంలో పనిచేసిన రోజుల్లో పట్టుబడిన అలవాటు. రిటైరయ్యాక మీటింగులు పోయాయి. డైరీ మిగిలింది. మా ఇంటికి పాలవాడు వచ్చి నెల లెక్క అడిగినా ముందు తేదీ, తర్వాత హాజరు. మా ఆవిడ దీన్ని గురించి బంధువులందరికీ చెప్పింది.

ఆ కాపలా అమ్మాయిని నేను చిన్నప్పటినుంచీ ఎరుగుదును. కొల్లేటి లంక గ్రామాల్లో సంఘం బాకీల వసూలుకి వెళ్ళవలసి వచ్చినప్పుడు నన్ను పడవలో తీసుకువెళ్ళినది ఆమె తండ్రి. వానాకాలంలో దారి మునిగితే ఆయన పడవే దిక్కు. ఆ చనువుతో ఆమె నన్ను బాబాయిగారనీ మా ఆవిడని పిన్నిగారనీ పిలుస్తుంది. పెళ్ళయినప్పటినుంచీ భార్యాభర్తలిద్దరూ పరాయి చెరువుల గట్ల మీద, మోటారు షెడ్డు పక్కన వేసిన రేకుల పాకలోనే కాపురం ఉంటున్నారు. చేపకి మేత కట్టడం, నీళ్ళు చూసుకోవడం, రాత్రి దొంగలు వల వేయకుండా చూడడం వాళ్ళ పని. జీతం నెలకింత. చేప అమ్మిన రోజున ఓనరు సంతోషంగా ఉంటే ఒక చీర, ఒక చొక్కా.

ఈ ఏడాది వేసవిలో ఆ ఓనరుకి చెరువుల మీద విసుగు పుట్టింది. పెద్దవి మూడూ ఉంచుకుని, మూడెకరాల ఈ చిన్న చెరువుని లీజుకి ఇచ్చేద్దామనుకున్నాడు. మీరే తీసుకోకూడదా అని కాపలావాళ్ళని అడిగాడు. నవ్వులాటకి అన్నాడో నిజంగా అన్నాడో గాని, ఆ మాటని ఆమె పట్టుకుంది. అయితే ఆయన ఒక షరతు పెట్టాడు. చెరువు తీసుకుని మధ్యలో మేత లేక చేపని మాడ్చితే గట్టుకీ చెడ్డపేరు, తనకీ లీజు డబ్బు రాదు. అందుచేత పంట అయ్యేదాకా మేత ఎవరిస్తారో శుక్రవారం పొద్దుటిలోగా తనకి తెలియాలి. లేకపోతే భీమవరం వైపునుంచి అడుగుతున్న వేరే ఆసామికి ఇచ్చేస్తాడు. ఆ ఆసామికి సొంత కాపలావాళ్ళు ఉన్నారు. అంటే చెరువు రాకపోతే వీళ్ళకి పాక కూడా ఉండదు.

ఆమె మా ఇంటికి వచ్చి అడిగింది డబ్బు కాదు. ముగ్గురు మూడు రకాలుగా అప్పు ఇస్తామంటున్నారు, ఏది చవకో చెప్పమంది. మా ఆవిడ వంటింట్లోంచి, "సరిగ్గా ఆయనకి కావలసిన పనే తెచ్చావమ్మా, ఇంక నాలుగు రోజులు నాకు ఇంట్లో శాంతి," అంది.

మొదటిది బ్యాంకులో బంగారం మీద అప్పు. ఆమెకి ఉన్నవి రెండు గాజులూ ఒక గొలుసూ. వడ్డీ నూటికి నెలకి రూపాయి లోపే. బంగారం బరువు కట్టినాయనకి కొంత, కాగితాలకి కొంత పోయినా అంతకన్న చవకగా ఎక్కడా డబ్బు పుట్టదు. అందులో వంక పెట్టడానికేమీ లేదు. కాని ఆ డబ్బు లీజు అడ్వాన్సుకీ చేపపిల్లకీ సరిపోతుంది, అంతటితో సరి. చెరువు మీద అప్పు ఇమ్మంటే బ్యాంకువాళ్ళు రిజిస్టరు చేసిన లీజు కాగితం అడిగారు. ఆ ఓనరు ఏనాడూ నోటిమాట తప్ప కాగితం రాసినవాడు కాడు.

అసలు ఖర్చు మేత. మూడెకరాల చెరువులో పది టన్నుల చేప తీయాలంటే పది నెలలపాటు నూనె తీసిన తవుడు బస్తాలు ఆరు వందల పైచిలుకు కావాలి. నగదు ధర బస్తా ఎనిమిది వందలు. దగ్గర దగ్గర ఐదు లక్షలు. దీనికే రెండు దారులు. ఒకటి తాడేపల్లిగూడెంలో ఒక ఫైనాన్సు ఆఫీసు. రెండోది ఏలూరులో మేతా వలలూ అమ్మే ఒక ముస్లిం వ్యాపారి. ఫైనాన్సువాళ్ళు రూపాయి పావలా వడ్డీ అన్నారు. వ్యాపారి వడ్డీయే లేదు, నగదు ధరకే అప్పుగా ఇస్తానన్నాడు.

"రూపాయి పావలా కన్నా అసలు లేనిదే నయం కదండీ. మా ఆయన అదే అంటున్నాడు," అంది ఆమె. ఆమె మొహం చూస్తే మాత్రం ఆ మాట నమ్మినట్టు లేదు.

వడ్డీ ఎంత అని అడగడం అప్పు తీసుకునేవాడు చేసే మొదటి పని, చాలామందికి అదే ఆఖరి పని కూడా. నేను సంఘంలో ఉన్నన్నాళ్ళూ మూడు ప్రశ్నలు అడగమని చెబుతూ వచ్చాను. చేతికి ఎంత వస్తుంది, తిరిగి మొత్తం ఎంత పోతుంది, ఏ తేదీల్లో పోతుంది. ఈ మూడూ తెలిస్తే వడ్డీ ఎంతో మనమే కట్టుకోవచ్చు, ఇచ్చేవాడు చెప్పక్కర్లేదు.

మంగళవారం పొద్దున్నే బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. గుండుగొలను దగ్గర చేపల లారీ ఒకటి పక్కకి ఒరిగి రోడ్డంతా ఐసు నీళ్ళయి, బస్సు చాలాసేపు ఆగిపోయింది. పక్క సీటాయన ఆ చేప ఎవరిదో, నష్టం ఎవరి మీద పడుతుందో ఊహిస్తూ కూర్చున్నాడు. కాటా అయ్యాక లారీ ఎక్కిన చేప రైతుది కాదు, కొన్నవాడిదే అని చెప్పాను. ఆయనకి ఆ జవాబు నచ్చినట్టు లేదు.

ఫైనాన్సు ఆఫీసు మేడ మీద, చల్లగా ఉంది. బల్ల వెనక ఉన్న అమ్మాయి మర్యాదగా కూర్చోబెట్టి రంగుల కాగితం ఒకటి చేతికిచ్చింది. ఐదు లక్షలకి, పది నెలలకి వివరాలు అడిగాను. రూపాయి పావలాయే సార్, మార్కెట్లో ఇంత తక్కువ లేదంది. చేతికి ఎంత వస్తుందమ్మా అన్నాను. ఐదు లక్షలే సార్ అంది. ప్రాసెసింగ్ ఫీజు, బీమా, స్టాంపులు, ఇంటికి వచ్చి చూసినందుకు చార్జీ ఇవన్నీ విడిగా కట్టాలా, అందులోనే పట్టుకుంటారా అని ఒక్కొక్కటీ అడిగాను. కంప్యూటరు చూసి, అన్నీ పోను నాలుగు లక్షల డెబ్భై ఐదు వేలు అకౌంటులో పడతాయంది. వడ్డీ మాత్రం ఐదు లక్షల మీదే. అదీ పది నెలలూ ఐదు లక్షల మీదే, కట్టుకుంటూ పోయిన కొద్దీ తగ్గదు. నెలకి కట్టవలసింది యాభై ఆరు వేల రెండు వందల యాభై.

"మొదటి వాయిదా ఎప్పుడమ్మా?"

"వచ్చే నెల ఐదో తారీకే సార్."

"చేప పది నెలల తర్వాత గాని అమ్మకానికి రాదు కదా."

"అప్పటిదాకా వేరే ఆదాయం ఏదైనా ఉంటుంది కదా సార్," అంది. తప్పు ఆమెది కాదు. ఆ కాగితం నెల జీతం వచ్చేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినది.

కింద హోటల్లో ఇడ్లీ తిని అక్కడే లెక్క కట్టాను. చేతికి వచ్చినది ఒకపక్క, పది వాయిదాలు ఒకపక్క పెట్టి చూస్తే వాళ్ళు రూపాయి పావలా అన్న వడ్డీ మూడు రూపాయలు దాటింది. తర్వాత తవుడు అమ్మే రెండు చోట్లకి వెళ్ళి నగదు ధర కనుక్కున్నాను. ఇద్దరూ ఏలూరు చేర్చి బస్తా ఎనిమిది వందలకి అటూ ఇటూగా చెప్పారు. అంటే ఏలూరు వ్యాపారి చెప్పిన ధరలో మోసం లేదు. తవుడు ధరలోనే వడ్డీ కలిపేశాడేమోనని నాకు ఉన్న అనుమానం తప్పని తేలింది.

మరి ఆయనకి ఏం మిగులుతుంది? ఐదు లక్షల సరుకు పది నెలలపాటు ఊరికే ఎవరు పెడతారు?

బుధవారం ఆమె ఫోనులో అది చెప్పింది, నేను అడిగితేనే. చెప్పవలసిన విషయమని ఆమెకి తోచలేదు. చెరువుల్లో అది గాలీ వానా లాంటిది, ఎవరూ లెక్కలో వేయరు. మేత అప్పుగా ఇచ్చిన వ్యాపారికే చేప అమ్మాలి. ఆయన మనుషులే వల లాగుతారు, ఆయన కాటా మీదే తూకం. బయట ధర కన్న కిలోకి రెండు రూపాయలు తక్కువ. ఆపైన తరుగు. అంటే నూరు కిలోలు తూగిన చేపకి తొంభై ఐదు కిలోలకే డబ్బు కడతారు. ఐదు కిలోలు చేప వంటి మీది నీళ్ళ కింద, బురద కింద కొట్టేస్తారు.

పది టన్నుల మీద తరుగు ఐదు వందల కిలోలు. కిలో నూరు వేసుకున్నా యాభై వేలు. రెండు రూపాయల తేడా ఇంకో ఇరవై వేలు. మేత ఒక్కసారి కాక విడతలుగా వస్తుంది కాబట్టి సగటున ఐదు నెలల అప్పు. కడితే వడ్డీ లేని అప్పు రెండు రూపాయల ఎనభై పైసల వడ్డీ అయింది. ఫైనాన్సు కన్న నయమే గాని ఉచితం మాత్రం కాదు.

గురువారం సాయంత్రం వ్యాపారి స్కూటరు మీద వచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మాట నెమ్మది. నేను సంఘంలో ఉన్నప్పుడు ఆయన తండ్రి దగ్గర వలతాళ్ళు కొనేవాళ్ళం. నన్ను ఇంకా సెక్రెటరీగారనే అంటాడు. మా ఆవిడ టీ ఇచ్చింది. కాపలా అతను కుర్చీలో కూర్చోకుండా మెట్టు మీద కూర్చున్నాడు. భార్య మాత్రం కుర్చీలోనే కూర్చుంది.

నా కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఓపికగా చదివి, ఒక చోట వేలు పెట్టాడు.

"ఐదు కిలోలూ నా అప్పు మీద వేసేశారండీ. నాకు ఒక్క రూపాయి బాకీ లేని రైతు చేప అమ్మినా రెండు కిలోల తరుగు ఉంది కదండీ. చేప నీళ్ళు కారుస్తుంది. లారీలో ఏలూరు చేరేలోపే తగ్గుతుంది. ఆ రెండూ నీళ్ళవి, నావి కాదు."

న్యాయమైన మాట. అప్పు ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య తేడాయే అప్పు ఖరీదు. ఆ తేడా మూడు కిలోలు. అక్కడే కొట్టేసి తిరగరాశాను. డెబ్భై వేలు యాభై వేలయింది. వడ్డీ సరిగ్గా రెండు రూపాయలకి దిగింది.

"మా ఆయనకి కూరగాయల బండి దగ్గర కూడా రెండు కాలమ్‌లు ఉండాలండీ," అంది మా ఆవిడ వ్యాపారితో. "వంకాయలవాడు మా వీధిలోకి రావడమే మానేశాడు."

ఆయన నవ్వాడు. "పర్వాలేదమ్మా. లెక్క ఉంటే తగువు ఉండదు."

అప్పుడు కాపలా అమ్మాయి వ్యాపారి వైపు తిరిగింది. ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాటే అది, తడుముకోలేదు.

"షావుకారుగారండీ, నాకు తరుగు వద్దు. వడ్డీ వేసుకోండి. రూపాయిన్నర చొప్పున ఇస్తాను. చేప మాత్రం నా ఇష్టమొచ్చిన చోట అమ్ముకుంటాను."

మెట్టు మీద ఆమె భర్త తలెత్తి చూశాడు. ఇది అతనికి కొత్త.

వ్యాపారి టీ గ్లాసు కింద పెట్టాడు. "వడ్డీ మా ఇంట్లో లేదమ్మా," అన్నాడు. "నువ్వనే కాదు, ఎవరి దగ్గరా తీసుకోను. బ్యాంకులో నా డబ్బుకి పడిన వడ్డీ కూడా తీసి ఎవరి ఆసుపత్రి ఖర్చుకో ఇచ్చేస్తాను. మా నాన్నగారి కాలంనుంచీ అంతే. ఆ మాట ఇంక అడగకు."

కోపం లేదు, మాట మాత్రం గట్టిగా ఉంది. తరుగు పేరుతో వచ్చేది మరేమిటని నేను అడగవచ్చు. అడగలేదు. నా లెక్కలో రెండూ ఒకే గడిలో పడ్డాయి నిజమే. కాని ఆయన దృష్టిలో ఒకటి డబ్బు మీద డబ్బు, ఇంకొకటి సరుకు వ్యాపారం. చేప తేలి చచ్చిపోతే తరుగు ఎక్కడినుంచి వస్తుందని ఆయనే తర్వాత అన్నాడు. పంట పోయిన ఏడాది తను కూడా రైతుతో పాటే పోగొట్టుకుంటాడు. వడ్డీ వ్యాపారి పోగొట్టుకోడు. ఆ తేడాని తీసెయ్యడానికి వీల్లేదు.

వీధిలో గ్యాసు బండి వెళ్ళింది. నేను వేరే విధంగా అడిగాను. తవుడు బస్తా ఇవాళ డబ్బిచ్చి కొంటే ఎంత? ఎనిమిది వందలండీ అన్నాడు. అదే బస్తా చేప పట్టాక డబ్బిస్తానంటే ఎంతకి అమ్ముతారు?

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది సరుకు బేరం. అది చెయ్యొచ్చు. మా పెద్దవాళ్ళు మోటార్లు అలా అమ్మినవాళ్ళే," అన్నాడు. "కాని సెక్రెటరీగారూ, ధర ఒకటే ఉండాలి. ఇక్కడే తేల్చుకుని లేవాలి. ఆలస్యమైందని రేపు నేను ఒక్క రూపాయి పెంచను. ముందే ఇచ్చేశానని తనూ తగ్గించమనకూడదు."

"ఎంతండీ ధర?" అంది ఆమె.

"ఎనిమిది వందల ఎనభై."

"ఎనిమిది నలభై."

"అమ్మా, తవుడు నేనూ డబ్బు పెట్టే కొంటాను."

"చేప నేను తిండి పెట్టే పెంచుతానండీ."

మా ఆవిడకి ఇలాంటి చోట ఊరుకోవడం రాదు. ఆదివారం చేపల బజారులో మీరందరూ మమ్మల్ని ఎంత తగ్గించనిస్తారో నాకు తెలుసు, మధ్యకి రండి, అని ఇద్దరినీ కలిపి మందలించింది. ఎనిమిది వందల అరవై దగ్గర ఆగింది. బస్తాకి అరవై రూపాయలు ఎక్కువ. మొత్తం మీద ముప్పై ఏడు వేల ఐదు వందలు, తరుగు దారి కన్న పన్నెండు వేల ఐదు వందలు తక్కువ. ఐదు నెలల సగటున రూపాయిన్నర. ఆమె వడ్డీగా ఇస్తానన్నదీ రూపాయిన్నరే. బేరం అక్కడికి రావడం యాదృచ్ఛికమని నేను అనుకోను, ఆమె ముందే బస్తా లెక్క కట్టుకుని ఉంటుంది. అడగలేదు.

అంతా అయిందనుకుంటుండగా వ్యాపారి మెట్టు వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వేమంటావు? చేప తేలితే నా తరుగు కూడా చేపతోపాటే పోతుంది. ఈ అరవై రూపాయలు మాత్రం పోవు. అది తెలుసుకుని ఒప్పుకో. తర్వాత నన్ను అనకూడదు."

తనకి లాభమైన బేరంలో లోపం తనే ఎత్తి చూపించాడు. వ్యాపారంలో అలాంటివాళ్ళని నేను కొద్దిమందినే చూశాను. డైరీలో ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

మబ్బు పట్టిన తెల్లవారుజామున నీళ్ళలో గాలి తగ్గి, చెరువు నిండా చేప నోరు తెరుచుకుని పైకి తేలడం ఆమె భర్త ఒకసారి కళ్ళారా చూశాడు. ఆ సంగతి మాకు ఇదివరకు చెప్పాడు. పది టన్నుల చేప మధ్యాహ్నానికల్లా గుంటలో పూడ్చారట. అది ఓనరు చేప. అయినా వారం రోజులు అన్నం సహించలేదన్నాడు.

"తరుగే ఉంచండి బాబూ," అని వ్యాపారితో అని భార్య వైపు తిరిగాడు. "పన్నెండు వేలకి ఆశపడి మెడకి తగిలించుకోవడమెందుకు? చేప పోతే మనం ఏం పెట్టి కడతాం? గాజులు ఎలాగూ బ్యాంకుకి పోతాయి."

"చేప ఎందుకు పోతుంది? నువ్వు లేవా గట్టు మీద?" అంది ఆమె.

"నేనున్న చెరువులోనే పోయింది కదే."

"అప్పుడు మబ్బేసిందని నువ్వు ఓనరుకి ఫోను చేసి, ఆయన సరేనన్నాక కొత్త నీళ్ళకి మోటారు వేశావు. ఇప్పుడెవరినడగాలి?"

ఆమె కుర్చీ అతని వైపుకి లాక్కుంది. మేమందరం ఉన్నామన్న సంగతి ఇద్దరూ మరిచినట్టే ఉంది.

"పన్నెండు వేల కోసం కాదయ్యా. పోయిన పంటకి కిలో నూట పది ఉన్నప్పుడు చేప పట్టేద్దామని ఓనరు అనలేదా? ఈ షావుకారుగారే లారీ లేదన్నారు. పదిహేను రోజులు చేపని చెరువులో ఉంచి మేత వేశాం. పట్టేనాటికి తొంభై. ఓనరుకి ఇంకో మూడు చెరువులున్నాయి, తట్టుకున్నాడు. మనకి ఒక్కటే. ఇన్నాళ్ళూ చేప పట్టుబడి రోజు ఎవరో చెబితే మనం గట్టు మీద నిలబడి చూశాం. ఆ రోజు నేను చెప్పాలి."

వ్యాపారి నేల చూస్తూ, "లారీలు అందరికీ ఒక్కసారి దొరకవమ్మా," అన్నాడు. సమర్థించుకున్నట్టు లేదు, ఉన్నమాట చెప్పినట్టే ఉంది.

నా కాగితంలో అప్పులు వరసగా ఉన్నాయి. మూడు రూపాయల ఇరవై పైసలు, రెండు రూపాయలు, రూపాయిన్నర. ధరని బట్టి చూస్తే ఆమెది సరైన మాట. చేప తేలితే అతనిది సరైన మాట. చేప తేలుతుందో లేదో నా కాగితంలో లేదు. అతను నా వైపు చూసి, మీరు చెప్పండి బాబుగారూ అన్నాడు. చెరువు ఆరోగ్యంగా ఉంటే కట్టవలసింది ఇంత, లేకపోతే బాకీ ఇంత అని రెండు అంకెలూ మళ్ళీ చదివి వినిపించాను. ఏది తీసుకోవాలో చెప్పలేదు. బాకీ కట్టేది నేను కానప్పుడు అంతవరకే నా పని. మా ఆవిడ తర్వాత దీని గురించి నాతో పోట్లాడింది. అంత లెక్క కట్టిన మనిషి ఒక్క మాట చెప్పలేడా అంది.

కాపలా అతను ఆఖరికి వ్యాపారిని ఒకే ప్రశ్న అడిగాడు. "ఆలస్యమైతే పెంచరు కదండీ?"

"పెంచను."

"బాకీ రెండో పంటకి పోయినా?"

"రెండో పంటకి పోయినా అరవై అరవైయే. కాని రెండో పంటకి పోనివ్వకయ్యా, నేనూ తవుడు మిల్లుకి డబ్బు కట్టాలి."

అతను భార్య వైపు చూసి, "నీ ఇష్టం. పట్టుబడి రోజు నువ్వే చెప్పు. మోటారు మాత్రం నేనెప్పుడు వేస్తే అప్పుడే. కరెంటు బిల్లని గొణగకు," అన్నాడు.

"గొణుగుతాను. వేసుకో," అంది.

వ్యాపారి లేస్తూ ఫోను తీసి చెరువు ఓనరుకి చేశాడు. మేత పంటదాకా తనదేనని రెండు ముక్కల్లో చెప్పాడు. అవతల ఓనరు ఏదో అడిగితే, "నాకే అమ్మాలని ఏం లేదండీ. రేటు నచ్చితే నాకు ఇస్తుంది," అన్నాడు. ఓనరుకి అది వింతగా ఉన్నట్టుంది, పెద్దగా నవ్వు వినిపించింది. ఆనక ఫోను కాపలా అతనికి ఇమ్మన్నాడు. ఇతను లేచి నిలబడి మాట్లాడాడు. రేపటినుంచీ చెరువు మీదే, అడ్వాన్సు సోమవారం తెచ్చివ్వండని ఓనరు అన్నాడట.

స్కూటరు దాకా వెళ్ళి వ్యాపారి ఆగాడు. "రేటు సరిపోతే నాకే అమ్ముతావు కదమ్మా?"

"సరిపోతే మీకేనండీ. కాటా మాత్రం మా గట్టు మీద."

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. నేను ఒప్పుకున్న ధర, షరతులు రెండు కాగితాల మీద శుభ్రంగా రాసి, ఆమెకి ఒకటి ఇచ్చి, రెండోది ఆయన దుకాణానికి పంపడానికి ఉంచాను. చదువుకున్నాను గాని అంత చక్కగా రాయలేనని ఆమె అంటే, ఎనిమిది వందల అరవై అన్న అంకె ఆమె చేతే వేయించాను.

మర్నాడు శుక్రవారం పొద్దున నేను కాఫీ తాగుతుండగా ఆమె ఫోను చేసింది. మొదటి విడత బస్తాలు ట్రాక్టరు మీద వచ్చాయనీ, నేల చెమ్మకి తవుడు గడ్డకడుతుందని కింద కొబ్బరి మట్టలు పరిచి దింపిస్తున్నామనీ చెప్పింది. తర్వాత నవ్వు ఆపుకుంటూ ఇంకో సంగతి చెప్పింది. కాపలావాళ్ళు రోజూ తెల్లవారేసరికి ఓనరుకి ఫోను చేసి చెరువు సంగతి చెప్పాలి. ఇవాళ కూడా ఆమె భర్త చీకటితోనే గట్టు చుట్టూ తిరిగి వచ్చి ఓనరుకి ఫోను చేశాడట. కాలువ నీరు రాత్రి బాగా ఎక్కిందండీ, తూము దగ్గర చిన్న బుంగ పడితే పూడ్చేనండీ అన్నాడట. ఆయన నిద్రమత్తులో అంతా విని, "నాకెందుకయ్యా చెబుతావు, చెరువు నీదైతే?" అని పెట్టేశాడట.

"మరి ఏం చేశాడమ్మా?" అన్నాను.

"ఫోను జేబులో పెట్టుకున్నాడండీ బాబాయిగారూ. ఆనక నా దగ్గరకొచ్చి, కాలువ నీరు ఎక్కింది, తూము దగ్గర బుంగ పూడ్చేనని అదంతా మళ్ళీ మొదటినుంచీ నాకు చెప్పేడు."

వెనకనుంచి బస్తాలు దింపుతున్నవాళ్ళ మీద అతని కేక వినిపించింది, పక్కకి పెట్టండి, పక్కకి, అని. ఆమె ఉంటానండీ అని ఫోను పెట్టేసింది.